మూసిన తలుపుల వెనుక

పాఠ్యభాగము: యోహాను 20:19-29



2013 ఫిబ్రవరి 21వ తేదీ గురువారము సాయంకాలము సుమారు 7 గంటలకు హైదరాబాదు దిల్‌సుఖ్‌నగరులో, కోణార్క్, వెంకటాద్రి సినిమా హాళ్ల సమీపమున, సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు కొద్ది నిమిషముల తేడాతో ప్రేలెను. బస్సుకొరకు నిలిచినవారు, పని ముగించుకొని యిండ్లకు పోవువారు పలువురు మరణించిరి. 100 మందికి పైగా గాయపడిరి.

మా సంఘములోని ఒక తల్లి కుమారుడు అప్పుడు అక్కడి హాస్టలులో నుండి చదువుకొనుచుండెను. అతనికి హాని కలుగలేదు. అయినను ఆమె అతనిని ఇంటికి రప్పించుకొని, "ఇక పంపను అయ్యగారూ" అని కన్నీరు పెట్టుకొనెను. విశ్వాసముంచుమని మేము సులభముగా చెప్పి, అతనిని దిగబెట్టుటకు మేమే బయలుదేరితిమి. విజయవాడ బాటను వచ్చిన మా బస్సు ఎల్.బి. నగర్ చౌరస్తా దాటగానే మా నాలుక ఎండిపోయెను. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి నిలువగా, ఒకడు మా ప్రక్కనే సైకిలు ఆనించెను. దానికి సంచి వ్రేలాడుచుండెను. మేము పది అడుగులు వెనుకకు జరిగితిమి. అతడు సంచిలోనుండి అన్నపు గిన్నె తీసి, మమ్మును చూచి, "ఇటు నీడకు రాండ్రి సారూ, ఎండ దంచుతున్నది" అనెను. మేము మిక్కిలి సిగ్గుపడితిమి. ఆ రాత్రి ఈ పాఠ్యభాగమును మాకొరకే చదువుకొంటిమి.

1. ప్రభువు భయపడువారిని విడిచిపెట్టలేదు. పునరుత్థాన దినమున శిష్యులు భయముచేత తలుపులు మూసికొనిరి. ఆయన వచ్చి వారి మధ్య నిలిచి సమాధానము పలికెను. ఎనిమిది దినములైన తరువాత కూడ తలుపులు మూయబడియే యుండెను (26వ వచనము). ప్రభువును కన్నులార చూచినవారి యింటి గడియయే వెంటనే తీయబడలేదు! అయినను ఆయన రెండవమారు వచ్చెను. కాబట్టి భయము ఒక్క దినమున పోలేదని ఆ తల్లిని అవిశ్వాసురాలని యెంచరాదు. గాతులో చిక్కిన దావీదు తన భయమును దాచలేదు. ఆ భయముతోనే దేవుని ఆశ్రయించెను (కీర్తన 56).

2. ప్రభువు తన గాయములను చూపెను. లోకములో గాయములు లేవని ఆయన చెప్పలేదు. తన చేతులను, ప్రక్కను చూపెను. మనకు ఏ హానియు తగులదనుట విశ్వాసము కాదు. గాయపడియు జీవించుచున్నవాడు మనతో నున్నాడనుటయే విశ్వాసము. ఆ నేరమునకు 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము ఐదుగురికి మరణశిక్ష విధించెను. 2025 ఏప్రిలులో తెలంగాణ హైకోర్టు దానిని ఖాయపరచెను. నేరమును విచారించుట న్యాయస్థానపు పని. గుండెలోని వణకును ఏ తీర్పును తీయజాలదు.

3. ప్రభువు వారిని బయటికి పంపెను (21వ వచనము). భయము ఎదుటివానిని శత్రువుగా చూపును. ప్రేమ అతనిని పొరుగువానిగా చూపును (1 యోహాను 4:18). జాగ్రత్త వేరు, అనుమానము వేరు. నెహెమ్యా ప్రార్థించెను, కావలియు నుంచెను (నెహెమ్యా 4:9). దిక్కులేని సంచి కనబడినయెడల పోలీసులకు తెలుపుట మన విధి. అన్నము తినవచ్చిన మనుష్యుని చూచి తొలగిపోవుట విధి కాదు.

ఆ తల్లి కొన్ని వారములకు తానే పచ్చడి జాడీ పట్టుకొని కొడుకును చూచుటకు బస్సెక్కెను. "దారి పొడవునా చేతులు వణికినయి అయ్యగారూ, అయినా పోయిన" అని చెప్పెను. ఆ పోవుటయే విశ్వాసము.

2018 సెప్టెంబరు నుండి ఎల్.బి. నగర్‌కు మెట్రో రైలు నడచుచున్నది. దిల్‌సుఖ్‌నగర్ వీధులు జనముతో నిండియున్నవి. అయినను వీధిని విడిచిన భయము హృదయములో కాపురముండవచ్చును. ఈ మాసము కుటుంబ ప్రార్థనలో అడిగికొందము: భయముచేత మనము ఎవరికి తలుపు మూసితిమి? ప్రభువు మనలను ఎవరియొద్దకు పంపుచున్నాడు?

ప్రభువా, వణకుచున్న మా చేతులనే పట్టుకొని నడిపించుము. ఆమేన్.