దూరపు బండికి పోయొచ్చిన ఎద్దుకు దాణా ఎట్లా పెట్టాలి?

పొద్దంతా బస్తాల బండి గుంజి, చీకటి పడ్డాక ఇల్లు చేరిన ఎద్దుల్ని చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. ఇంట్లో ఉన్న మక్కపిండో, జొన్నలో, మిగిలిన అన్నమో గంప నిండా పోస్తాం. ఆకలి మీద ఎద్దు గబగబ తింటుంది. తెల్లారేసరికి లేవదు. దిష్టి తగిలిందనో, ఎండదెబ్బ అనో అనుకుంటాం గానీ అసలు కారణం ఆ గంపలోనే ఉంటుంది.

ఎద్దు పెద్ద పొట్టలో మేతను అరిగించే సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి రోజూ సొప్ప, గడ్డి అలవాటు. ఒక్కసారిగా గింజలు ఎక్కువగా పడితే అవి పులిసి ఆమ్లం తయారవుతుంది. ఆ ఆమ్లానికి గడ్డిని అరిగించే జీవులు చస్తాయి. ఒంట్లోని నీరంతా పొట్టలోకి గుంజుకుపోతుంది. పిండి, వండిన అన్నం ముడి గింజల కన్నా తొందరగా పులుస్తాయి. రోజూ కొంత దాణా తినే ఎద్దు తట్టుకుంటుంది; ఉత్త వరిగడ్డి మీద బతికే ఎద్దు తట్టుకోలేదు. చిన్న రైతు కొట్టంలో ఎక్కువగా ఉండేది ఈ రెండో రకమే.

అందుకని దూరం పోయే పని ఉందని తెలిస్తే పది రోజుల ముందు నుంచే దాణా మొదలుపెట్టాలి. తొలుత పావుకిలో, తర్వాత అరకిలో, ఇట్లా పెంచుకుంటూ రోజుకు ఒకటిన్నర, రెండు కిలోల దగ్గర ఆపాలి. తవుడు, పల్లి చెక్క, నలగ్గొట్టిన జొన్నలు కలిపి, 30 గ్రాముల ఉప్పు వేసి రెండు పూటలుగా పెడితే చాలు.

దారిలో మధ్యాహ్నం కాడి దించి కనీసం రెండు గంటలు నీడన కట్టేయండి. జట్కా గుర్రానికి నెమరు లేదు. ఎద్దుకు మాత్రం తిన్న మేతను నెమరు వేసుకునే తీరిక ఇవ్వాలి. ఎండాకాలం పని ఎద్దుకు రోజుకు 40 నుంచి 60 లీటర్ల నీళ్లు కావాలి. కనబడ్డ చోటల్లా కొంచెం కొంచెం తాగించాలి.

కాడి దించిన చోట పక్క చేను మీద ఒక కన్నుండాలి. వానల్లేక వాడిన లేత జొన్న, కోసినాక మోడు నుంచి లేచిన పిలకలు విషం. తిన్న కొద్దిసేపటికే ఎద్దు రొప్పి, తూలి పడిపోతుంది. డాక్టరు వెంటనే సూది మందు ఇస్తేనే బతికే ఆశ. పూత దాటిన జొన్నతో ఈ భయం చాలా తక్కువ. మన చెల్కల్లో ఆముదం వేసే చోట ఆ గింజల బస్తాలు తోలేటప్పుడు కింద రాలినవి ఎద్దు నోటికి అందనీయొద్దు. ఆముదపు చెక్క పొలానికి ఎరువే గానీ పశువుకు దాణా కాదు.

ఇంటికి చేరాక అరగంట ఊపిరి పీల్చుకోనిచ్చి, నీళ్లు విడతలుగా పెట్టండి. తర్వాత సొప్ప వేయండి. రెండు గంటలు మేత తిన్నాక, రోజూ పెట్టే దాణా మాత్రమే పెట్టాలి, గుప్పెడు కూడా ఎక్కువ వద్దు. జాలి ఆగకపోతే గడ్డి మోపు ఇంకొకటి విప్పండి.

పొరపాటున ఎద్దు గింజల మీద పడి తిన్నదనుకోండి. నెమరు ఆపడం, ఎడమ డొక్క ఉబ్బడం, పండ్లు కొరకడం, పుల్లటి వాసనతో నీళ్లలాగా పెండ వేయడం, కండ్లు లోపలికి పోవడం దీని గుర్తులు. ఇవన్నీ కనబడే దాకా ఆగొద్దు, తిన్నట్టు తెలిసిన వెంటనే మిగతా గింజలు తీసేసి పశువైద్య కేంద్రానికి కబురు చేయాలి. నీళ్లు కూడా ఇష్టమొచ్చినట్టు తాగనీయొద్దు. ఎద్దు నిలబడి మింగగలిగితే 100 గ్రాముల వంటసోడా లీటరు నీళ్లలో కలిపి, తల మరీ పైకెత్తకుండా దవడ పక్క నుంచి నిదానంగా పోయవచ్చు. నాలుక గుంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అదొక చావు. ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఎవరు పెట్టారనే కొట్లాట తర్వాత పెట్టుకోవచ్చు. జోడు ఎద్దు కూడా అదే గంపలో మూతి పెట్టి ఉంటే దాన్నీ చూపించండి.