మాట వచ్చేదాకా ఆగొద్దు, ఆట మొదలుపెట్టండి

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: చిన్నపిల్లల్లో ఆటిజం

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి 3 సంవత్సరాల 2 నెలలు. ఏడాదిన్నర వయసులో 'అత్త', 'తాత', 'పాలు' అనేవాడు. తర్వాత ఆ మాటలూ పోయాయి. పేరు పెట్టి పిలిస్తే తలెత్తడు. టీవీలో ప్రకటన పాట వస్తే మాత్రం పక్క గదిలోంచి పరుగెత్తుకొస్తాడు. నీళ్లు కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు, నా ముఖం వైపు మాత్రం చూడడు. స్టీలు డబ్బా మూతలు గిరగిరా తిప్పుకుంటూ గంటలు కూర్చుంటాడు. పిల్లల డాక్టరు ఆటిజం కావచ్చన్నారు. వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయట, మగపిల్లలు అంతే అని ఇంట్లో అంటున్నారు. నాలుక కింద నరం కోయిస్తే సరిపోతుందని పక్కింటావిడ చెబుతోంది. అన్నం తినడం లేదని ఫోన్ అలవాటు చేసింది నేనే. కడుపుతో ఉన్నప్పుడు జ్వరానికి పారాసిటమాల్ కూడా వేసుకున్నాను. నా వల్లే ఇలా అయిందా? ఉద్యోగం మానేశాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
– ఒక తల్లి, చిలకలగూడ

జవాబు: అమ్మా, 'నా వల్లేనా' అన్న ప్రశ్న చుట్టూ తిరిగి ఏళ్లు పోగొట్టుకున్న తల్లులు చాలామంది ఉన్నారు. అందుకే ముందు దాన్ని తేల్చేద్దాం. మీ వల్ల కాదు. 1943లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లలను చూసి ఆటిజం గురించి మొదటిసారి వివరంగా రాశాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాలపాటు తల్లికి ప్రేమ లేకపోవడమే దీనికి కారణమని పెద్ద పెద్ద వైద్యులే నమ్మారు, తల్లులను నిలదీశారు. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ ఆ వాదాన్ని పుస్తకం రాసి మరీ ఖండించాడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి కూడా. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించిన తేడా అనీ, అందులో జన్యువుల పాత్రే ఎక్కువనీ ఇవాళ మనకు తెలుసు. పారాసిటమాల్ విషయానికొస్తే, స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలతో చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. ఒకే తల్లి బిడ్డలను ఒకరితో ఒకరిని పోల్చి చూస్తే, ఆ మాత్ర వల్ల ఆటిజం ముప్పు పెరిగినట్టు కనపడలేదు. ఫోన్ ఆటిజాన్ని పుట్టించదు. కానీ పిల్లాడు మనిషి ముఖం చూడాల్సిన సమయాన్ని తినేస్తుంది కాబట్టి తగ్గించండి. తినేటప్పుడు, పడుకునేముందు అసలే వద్దు.

ఇక మీరు రాసిన లక్షణాలు. మాటలు కాస్త ఆలస్యంగా వచ్చే పిల్లలు వేలితో చూపిస్తారు, సైగ చేస్తారు, మన ముఖం చూసి నవ్వుతారు. మీవాడు మీ చేతిని వాడుకుంటున్నాడు గానీ మీతో పంచుకోవడం లేదు. పైగా వచ్చిన మాటలు వెనక్కి పోయాయి. ఏ వయసులోనైనా ఇలా జరిగితే 'చూద్దాంలే' అనడానికి వీల్లేదు. నాలుక కింద నరం బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు, అంతేగానీ పిలిచినా పలక్కపోవడం దానివల్ల రాదు. ఆ కోత వద్దు. ముందుగా చెవి పరీక్ష చేయించండి. పాట వినిపిస్తోంది కదా అని ఊరుకోకండి. పాక్షికంగా వినికిడి తగ్గిన పిల్లలు కూడా కొన్ని శబ్దాలకు పరుగెత్తుకొస్తారు.

ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. పిల్లాణ్ణి గమనించి, మిమ్మల్ని అడిగి తేల్చాలి. అందుకు మన దేశంలో వాడే ఐసా అనే కొలమానం మీకు దగ్గర్లోనే తయారైంది. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ దాన్ని 2009లో తెచ్చింది. అప్పట్లో ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఆటో వాళ్లకు మాత్రం మనోవికాస్ నగర్ అంటేనే తెలుస్తుంది. ఐసాలో 40 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 గానీ అంతకుమించి గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు, 107 నుంచి మధ్యస్థం, 153 దాటితే తీవ్రం. పరీక్షలో మార్కుల్లా దీన్ని చూసి కుంగిపోవద్దు. సాయం ఎక్కడ కావాలో చెప్పడానికే ఆ అంకె. చిన్నపిల్లలకు ముందస్తు శిక్షణ ఇచ్చే కేంద్రం కూడా అక్కడే ఉంది. మీ ఇంట్లోనే ఇలా జరిగిందనుకోకండి. హైదరాబాద్‌తో సహా 5 చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను పరీక్షించిన అధ్యయనం 2018లో వచ్చింది. అందులో దాదాపు నూటికి ఒకరిలో ఆటిజం కనిపించింది.

అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఖాళీగా కూర్చోవద్దు. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేశారు, ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చాయి. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. వాళ్లు పిల్లలకు నేర్పలేదు, పిల్లలతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకు నేర్పారు. ఆ తల్లిదండ్రులు పిల్లల ధోరణిని అందుకోవడం మెరుగైంది, పిల్లలు తమంతట తామే చొరవ తీసుకోవడం పెరిగింది. ఆ పద్ధతి సారాంశం ఇది.

వాడు మూత తిప్పుతుంటే లాక్కోకండి. ఇంకో మూత తీసుకుని, వాడి ముఖానికి ఎదురుగా నేల మీద కూర్చుని మీరూ తిప్పండి. కాసేపటికి ఒకసారి మీ వైపు చూస్తాడు. ఆ చూపే మొదటి మెట్టు. వాడికి ఇష్టమైన బిస్కెట్ డబ్బా కనిపించేలా, అందకుండా పెట్టండి. చెయ్యి లాగితే వెంటనే ఇచ్చేయకుండా మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా ఆగండి. చూపు, శబ్దం, వేలు, ఏది వచ్చినా దాన్నే మాటగా లెక్కేసి 'బిస్కెట్' అని చెప్పి ఇవ్వండి. 'ఇదేంటి? అదేంటి? చెప్పు నాన్నా' అని ప్రశ్నలు గుప్పించొద్దు. వాడు చేస్తున్న పనికే ఒకటి రెండు మాటలు పెట్టండి: 'నీళ్లు పోశావు', 'కింద పడింది'. స్నానం, అన్నం, బట్టలు మడతపెట్టడం, అన్నింటిలోనూ ఇదే. వారానికి రెండు గంటల స్పీచ్ థెరపీ అవసరమే, మిగతా గంటలన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి. థెరపిస్టు గది తలుపు వేసుకుని పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్తే, మీరూ కూర్చుంటామని అడగండి. మీకు నేర్పని కేంద్రం ఎంత పెద్దదైనా మీకు సగమే పనికొస్తుంది. ఉద్యోగం గురించి ఒక మాట. మానేయడం తప్పనిసరి కాదు. మెలకువగా, ఓపికగా ఉన్న గంట రోజంతా అలసిపోయి పక్కన ఉండటం కంటే మేలు.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు, ఆటిజం ఉంది. ఇంట్లో తెలుగు, కింద వాటాలో వాళ్లు హిందీ. పాప అయోమయపడుతుంది, ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి అని ఒక థెరపీ సెంటర్లో చెప్పారు. మా ఆవిడకు ఇంగ్లిష్ రాదు.
– ఒక తండ్రి, మారేడ్‌పల్లి

జవాబు: మీ ఆవిడను తెలుగులోనే మాట్లాడమనండి. రెండు భాషల ఇంట్లో పెరిగితే ఆటిజం పిల్లలకు మాటలు మరింత ఆలస్యమవుతాయన్నదానికి ఆధారం దొరకలేదు. చాలా అధ్యయనాలు ఒక భాష పిల్లలకూ రెండు భాషల పిల్లలకూ ఆ తేడా లేదనే చెప్పాయి. నష్టం ఇంకోవైపు నుంచి వస్తుంది. రాని భాషలో తల్లి 'కమ్, సిట్, ఈట్' దగ్గరే ఆగిపోతుంది. బుజ్జగింపు, ఆటపట్టింపు, అలక, కథ, ఇవన్నీ ఆమెకు వచ్చిన భాషలోనే వస్తాయి. పాపకు కావలసింది ఆ రకరకాల గొంతులే. యూట్యూబ్ చూసి పిల్లలు ఇంగ్లిష్ రైమ్స్ అప్పజెబుతారు, అది మాట్లాడటం కాదు. 'అమ్మా, ఇంకా' అన్న ఒక్క మాట అడగడానికి పనికొస్తుంది. బడిలో ఇంగ్లిష్ తర్వాత చేరుతుంది.

ప్రశ్న: మేము ఉజ్జయిని మహంకాళి గుడికి దగ్గర్లో ఉంటాం. మా బాబుకి అయిదేళ్లు. లష్కర్ బోనాలంటే మా ఇంటికి చుట్టాలంతా వస్తారు. డప్పులు, డీజే మొదలవగానే వాడు చెవులు మూసుకుని, తల గోడకు కొట్టుకుంటాడు. మొండి చేస్తున్నాడు, రెండు తగిలిస్తే దారికొస్తాడు అంటున్నారు.
– ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: మొండితనానికీ దీనికీ తేడా కనిపెట్టడం తేలిక. మొండిచేసే పిల్లాడు ఏడుస్తూనే మనం చూస్తున్నామా లేదా అని ఓ కన్నేసి ఉంచుతాడు, అడిగింది చేతికిస్తే ఆగిపోతాడు. మీవాడికి ఏమిచ్చినా ఆగదు. ఆ శబ్దం వాడికి నిజంగానే భరించలేనంతగా వినిపిస్తోంది. కొడితే దానికి భయం కూడా తోడవుతుంది.

పండగకు వారం ముందు నుంచే పోయినేడు తీసిన బోనాల వీడియోను చిన్న శబ్దంతో రోజూ కాసేపు చూపించండి. ఎవరొస్తారో, ఎప్పుడు మోగుతుందో, ఎప్పుడు ఆగుతుందో బొమ్మలు గీసి గోడకు అంటించండి. చెవులకు పెట్టే ఇయర్‌మఫ్‌లు కొని ముందునుంచే ఆటలో అలవాటు చేయండి, ఆ రోజే కొత్తగా పెడితే పీకి పారేస్తాడు. దర్శనానికి తెల్లవారుజామునే వెళ్లొచ్చేయండి. ఇంట్లో వెనక గది ఒకటి చీకటిగా, నిశ్శబ్దంగా వాడి కోసం వదలండి. ఊరేగింపు వేళకు నాన్నో మామయ్యో వాణ్ణి ఊరి అవతల చుట్టాలింటికి తీసుకెళ్లినా తప్పులేదు, అమ్మవారికి కోపం రాదు. ఇంత చేసినా మొదలైతే మాటలు ఆపేయండి. తల కింద దిండు పెట్టి, దెబ్బ తగలకుండా చూసి, జనాన్ని పక్కకు పంపించండి. నచ్చజెప్పడం తర్వాత.

ప్రశ్న: అబ్బాయికి ఆరేళ్లు. రెండు ప్రైవేటు స్కూళ్లు 'మా దగ్గర కుదరదు' అని పంపేశాయి. వికలాంగుల సర్టిఫికెట్ తీసుకుంటే వాడి భవిష్యత్తు మీద ముద్ర పడుతుందని మావాళ్లు వద్దంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, మల్కాజిగిరి

జవాబు: సర్టిఫికెట్ తీసుకోండి. ఎవరికి చూపించాలో, ఎప్పుడు చూపించాలో మీ ఇష్టం. ఇంటి తలుపు మీద అంటించేది కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలు వైకల్యం కారణంగా వివక్ష చూపకుండా చేర్చుకోవాలి. 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉందని ధ్రువీకరిస్తే, 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ, మీరు ఎంచుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు 31వ సెక్షన్ ఇస్తుంది. 'కుదరదు' అన్నమాట కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. అడిగితేనే చాలాచోట్ల స్వరం మారుతుంది.

సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) వివరాలు మీసేవ కేంద్రంలో తెలుస్తాయి. సర్టిఫికెట్ చేతికొచ్చాక నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాకు దరఖాస్తు చేయండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు వస్తుంది, థెరపీలకూ కొంత వర్తిస్తుంది. స్కూలు ఎంచుకునేటప్పుడు ఏసీ గదులు చూడకండి. తరగతిలో ఎంతమంది పిల్లలున్నారు, ప్రత్యేక ఉపాధ్యాయురాలు ఉందా, వాడు గది నుంచి బయటికి పరుగెత్తితే ఏం చేస్తారు అని అడగండి. ఈ మూడో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పిన స్కూలు మంచి స్కూలు.

ప్రశ్న: స్టెమ్ సెల్ చికిత్సతో ఆటిజం పోతుందని లక్షల్లో అడుగుతున్నారు. ప్లాటు అమ్మేద్దామనుకుంటున్నాం. ఇంకో బిడ్డను కనొచ్చా అన్న సందేహం కూడా ఉంది.
– దంపతులు, తార్నాక

జవాబు: ప్లాటు అమ్మకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫార్సు చేయదగింది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఒంట్లోంచి లోహాలు తీస్తామనే మందులు, ఆక్సిజన్ గదులు కూడా ఈ కోవలోవే, కొన్నింటితో ప్రాణాపాయం ఉంది. ఆటిజాన్ని తీసేసే మందు లేదు. తీవ్రమైన కోపం, తనను తాను గాయపరచుకోవడం ఉంటే రిస్పెరిడోన్ లాంటివి వాడతాం. మూర్ఛలు, నిద్రలేమి ఉంటే వాటికి మందులున్నాయి. ఆ మేరకు చాలా ఉపశమనం దొరుకుతుంది.

ఇంకో బిడ్డ సంగతి: అన్నకో అక్కకో ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారు అయిదింట ఒక వంతు. అంటే అయిదుగురిలో నలుగురికి రాదు. నిర్ణయం మీది. మేనరికం అయితే ముందుగా జన్యు నిపుణులను కలవండి. పుట్టిన బిడ్డకు 18 నెలలప్పుడు, 24 నెలలప్పుడు తప్పకుండా పరీక్ష చేయించండి. టీకాలు మాత్రం ఆపొద్దు. టీకాకు ఆటిజం అంటగట్టిన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

ప్రశ్న: నా మనవరాలికి నాలుగేళ్లు. కోడలు దాన్ని థెరపీలకు తిప్పి తిప్పి సగమైపోయింది. పిల్ల రాత్రి రెండింటికి లేస్తే తెల్లారేదాకా ఈమెకూ నిద్ర లేదు. వస పోద్దామంటే కోడలు వద్దంది. అమ్మవారికి మొక్కుకున్నాను. నేను చేయగలిగింది ఇంకేమైనా ఉందా?
– ఒక నాయనమ్మ, లాలాగూడ

జవాబు: అమ్మా, మొక్కు తీర్చుకోండి, వస మాత్రం వద్దు. దానితో మాటలు వస్తాయన్న రుజువు లేదు, ఎక్కువైతే వాంతులవుతాయి. మీ కోడలు సరిగ్గానే చెప్పింది, ఆ మాట ఆమెతో అనండి.

వారంలో రెండు రాత్రులు పిల్లను మీ పక్కన పడుకోబెట్టుకోండి. ఆటిజం పిల్లల తల్లుల్లో కుంగుబాటు ఎక్కువ, నిద్రలేమి దాన్ని పెంచుతుంది. ఆమె సరిగా తినకపోయినా, ఊరికే ఏడుస్తున్నా డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టనక్కర్లేదు. ఇక ఆటలు మీకు రానివి కావు. దోబూచులాడండి, మోకాళ్ల మీద ఊపండి, మధ్యలో ఆపి పిల్ల మీ వైపు చూసేదాకా ఆగి మళ్లీ ఊపండి. థెరపిస్టులు చేయించేదీ ఇంచుమించు ఇదే.

ఇంకొకటుంది, అది మీరు మాత్రమే చేయగలిగింది. పెళ్లిలోనో పేరంటంలోనో 'ఇంకా మాటలు రాలేదా?' అని ఎవరైనా అడిగితే కోడలు నోరు తెరవకముందే మీరు జవాబు చెప్పండి. ఇంటి పెద్దావిడే 'మా పిల్లకు ఆటిజం, నేర్పిస్తున్నాం, నేర్చుకుంటోంది' అన్నాక, ఆ పందిట్లో మళ్లీ ఎవరూ అడగరు.