మన నేలకు తగిన బంగాళాదుంప రకము

బంగాళాదుంప సాగునకు పెట్టు ఖర్చులో అన్నిటికంటె పెద్ద పద్దు విత్తనపు దుంపలదే. ఎకరమునకు 8 నుండి 10 క్వింటాళ్ళ దుంపలు కావలెను. మన మైదానములలో పండిన దుంపలను మరుసటి యేటి విత్తనమునకై ఇంటిలో దాచుట సాధ్యము కాదు. వేసవి వేడిమికి అవి చెడిపోవును. వైరసు తెగుళ్ళు యేటేట పెరుగుచుండును. కావున ఉత్తరాది నుండి లారీలలో తెప్పించుకొనవలసి వచ్చుచున్నది. ఇంత సొమ్ము పోసి తెచ్చిన రకము మన నేలకు సరిపడనిచో నష్టము ఒక్క రైతుతో ఆగదు. ఒకరిని చూచి ఒకరు ఊరంతయు అదే రకమును నాటియుందురు. అందుచేత రకముల పరీక్ష గ్రామ పంచాయతీ పూనుకొనదగిన పని.

మనకు దొరకు రకములలో అనేకము 'కుఫ్రి' అను పేరుతో మొదలగును. కుఫ్రి సిమ్లా చెంతనున్న కొండ ఊరు. 1949లో పాట్నాలో ఏర్పడి 1956లో సిమ్లాకు తరలిన కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ తాను రూపొందించిన రకములకు ఈ పేరు చేర్చుచున్నది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రమున అన్నదమ్ముల స్వభావము ఒకటి కాదు గదా! 1968లో విడుదలైన కుఫ్రి జ్యోతి కొండ ప్రాంతపు మాడు తెగులును దృష్టిలో నుంచుకొని రూపొందినది. 1972 నాటి కుఫ్రి లవ్‌కర్ దక్కను పీఠభూమికి ఉద్దేశింపబడి త్వరగా పండును. 2006లో వచ్చిన కుఫ్రి సూర్య వేడిమిని కొంత సహించును. 1998 నాటి కుఫ్రి చిప్సోనా-1 చిప్స్ పరిశ్రమకై పుట్టినది. దానికి నూరు దినములకు పైబడిన చల్లని కాలము కావలెను.

ఇచ్చటనే చిక్కున్నది. దుంప ఊరుటకు రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు లోపుగ ఉండవలెను. సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున, ఎర్రనేలలు గల జహీరాబాదు ప్రాంతమున ఆలుగడ్డ సాగు చిరకాలముగ నున్నది. అయినను అచ్చటి చలికాలము ఉత్తరాది చలికాలమంత దీర్ఘము కాదు. అక్టోబరు, నవంబరులలో నాటిన పైరుకు ఫిబ్రవరి గడచుసరికి ఎండ తగులును. ఉత్తర మైదానములో 110 దినములు హాయిగ ఎదిగిన రకము ఇచ్చట సగము ఊరి ఆగిపోవచ్చును. అది ఎంత నష్టపరచునో మన పొలమే చెప్పవలెను.

పరీక్షకు మూడు నాలుగు రకములు చాలును. వాటిలో ఊరివారు అలవాటుగ వేయు రకము ఒకటి తప్పక ఉండవలెను. లేనిచో కొత్తదానిని దేనితో పోల్చుదుము? ఒక్కొక్క రకమును మూడు మళ్ళలో, ఒకేచోట గాక పొలమున అటునిటు చెదరునట్లు, ఒకే దినమున, వరుసల నడుమ 60, మొక్కల నడుమ 20 సెంటీమీటర్ల దూరమున నాటవలెను. ఎరువు, నీరు అన్నిటికి సమానము. గట్టు ప్రక్క మొక్కకు వెలుతురు, చోటు ఎక్కువ. కావున నడిమి వరుసలనే తూచవలెను. కొన్ని వరుసలను 75వ దినమున, మిగిలినవానిని 90వ దినమున త్రవ్వినచో ఏ రకము త్వరగా ఊరునో తేలిపోవును. ఒక్క చలికాలపు ఫలితమును నమ్మరాదు, రెండేండ్లు చూడవలెను.

దిగుబడి తరువాత వినియోగము. చిప్స్‌కు గుండ్రని, కన్నులు లోతు లేని, 4.5 నుండి 8.5 సెంటీమీటర్ల దుంప కావలెను. పొడుగు ముక్కల వేపుడునకు కోలదుంప మేలు. లోపలి గుణమును ఇంటి సామగ్రితోనే పరీక్షింపవచ్చును. 8 లీటర్ల నీటిలో ఒక కిలో ఉప్పు పూర్తిగా కరగించి, కడిగి తుడిచిన దుంపలను వేయుడు. మునిగినవానిలో ఘనపదార్థము నూటికి 20 పాళ్ళో, అంతకు పైగనో ఉండును. తేలినది నీటిదుంప, వేచినచో నూనె ఎక్కువ పీల్చును. అట్లని అది చెడ్డది కాదు. కుర్మాలో చిదిగిపోక నిలుచు ముక్క తరచుగ అట్టి దుంపదే!

రెండవ పరీక్ష బాణలిలో. పలుచని బిళ్ళలు కోసి, కడిగి ఆరబెట్టి, నురుగు ఆగువరకు వేపవలెను. లేత బంగారు వన్నె వచ్చినచో సరి. గోధుమవన్నె, చేదు వచ్చినచో ఆ దుంపలో చక్కెర హెచ్చు. లేతగ త్రవ్వుటచేతను, 2 నుండి 4 డిగ్రీల శీతల గిడ్డంగిలో నిలువచేయుటచేతను చక్కెర పెరుగును. కావుననే చిప్స్ దుంపను 10 నుండి 12 డిగ్రీల వద్ద నిలువచేయుదురు.

కంపెనీతో ఒప్పందము కుదుర్చుకొను రైతుల తరఫున పంచాయతీ ఒక ప్రశ్న ముందే అడుగవలెను: పరిమాణము, ఘనపదార్థము చాలవని త్రిప్పిన సరకును ఎవరు, ఎచ్చట, ఏ ధరకు కొందురు? దానికి జవాబు ఒప్పందపు కాగితముపై వ్రాతమూలకముగ ఉండవలెను. విత్తనపు లారీ ఊరికి రాక పూర్వమే ఉండవలెను.