గింజ ఇల్లు చేరేదాకా: కళ్లం నేర్పిన పాఠాలు

గోదావరి డెల్టాలో మాసూళ్లు చేస్తూనే ముసలివాణ్ణయ్యాను. ఎడ్లతో తొక్కించాం, తర్వాత ట్రాక్టరు తోలాం, ఇప్పుడు కోత మిషను నడుస్తోంది. పంట పండించడం ఒక విద్య. పండిన గింజను పాడవకుండా ఇంటికి చేర్చడం ఇంకో విద్య. ఈ రెండోది నాకు కళ్లంలోనే అబ్బింది. సేద్యంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

1. కళ్లానికి చోటు కోతకు ముందే చూసుకోవాలి.
కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువల కింద వరి విస్తరించే కొద్దీ కళ్లాల అవసరమూ పెరిగింది. మన పొలాలు పల్లం, నేల బంకమట్టి. అందుకని మెరక చూసుకోవాలి. పుంతకు దగ్గరగా ఉంటే బండి వస్తుంది. పక్కన పెద్ద చెట్లుంటే ఎండా తగలదు, గాలీ ఆడదు. పెద్దవాళ్లు మంచి చేలో చెక్కను కూడా కళ్లానికి వదిలేవారంటే ఊరికే కాదు. అక్కడ పండని నాలుగు కుంచాలకన్నా అక్కడ దక్కే పంట విలువ ఎక్కువ.

2. నేలను ఓపిగ్గా కట్టాలి.
ముందు దుబ్బులు చెక్కి చదును చేయాలి. నీళ్లు చల్లి, పదును చూసి, దిమ్మిసతో కొట్టాలి. నీరు నిలవకుండా ఒక పక్కకు కొంచెం వాలు ఇవ్వాలి. చుట్టూ చిన్న గట్టు వేస్తే పై నీరు లోపలికి రాదు. బంకమట్టి ఎండితే నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లో పడ్డ గింజ మళ్లీ దొరకదు. అందుకే పేడనీళ్లతో అలికి, ఆరాక మళ్లీ అలికేవాళ్లం. పేడ పూత పగుళ్లు మూస్తుంది, గింజకు మట్టి అంటనివ్వదు. ఈ పనిలో తొందరపడితే ధాన్యంలో మట్టిబెడ్డలు వస్తాయి, ధర దగ్గర తగ్గాల్సి వస్తుంది.

3. కుప్ప వేయడం తెలిసినవాడే రైతు.
కోత కోసి, పనలు ఆరాక కట్టలు కట్టి కుప్ప వేస్తాం. కంకులు లోపలికి, మొదళ్లు బయటికి పెట్టి, పైకి పోయే కొద్దీ సన్నగా తీసుకుపోవాలి. అలా వేసిన కుప్ప మీద పడ్డ వాన గడ్డి వెంట జారిపోతుంది. కోతకు రెండు మూడు రోజుల ముందే నిలిచిన వరిలో మినుమో పెసరో చల్లడం మన అలవాటు. ఆ మొలక తొక్కుడుకు పోకుండా పనలు చేలోంచి త్వరగా తీసి కుప్ప వేసేస్తే, నూర్పు సంక్రాంతి దాకా నిదానంగా సాగేది.

4. పశువునూ గాలినీ కనిపెట్టి పని చేయాలి.
నూర్పుకు ఎడ్లను బంతి కట్టేటప్పుడు నిదానమైన ఎద్దు లోపలి వైపు, చురుకైనది బయటి వైపు ఉండాలి. బయటిది ఎక్కువ దూరం నడవాలి మరి. తూర్పారబట్టేవాడు గాలి ఎటునుంచి వస్తోందో చూసి బల్ల ఎక్కుతాడు. గాలి పడిపోతే చేట దించి ఆగాలి. బలవంతాన ఎగరబోస్తే తాలూ గింజా ఒకేచోట పడతాయి.

5. ధాన్యం దాచేది నేలను బట్టి ఉండాలి.
ఇంగ్లండు, జర్మనీల్లో వానకూ చలికీ భయపడి నూర్పు నేలను పెద్ద కొట్టం కప్పు కిందే కట్టుకున్నారు. మనకు నూర్పు వేళకు ఎండ ఉంటుంది కాబట్టి కళ్లం ఆరుబయట, దాపు ఇంటి దగ్గర. మెట్ట ప్రాంతాల్లో పాతర తవ్వుతారు. డెల్టాలో కొంచెం తవ్వితే నీరే. అందుకే మనవాళ్లు ఎత్తయిన దిమ్మ మీద గడ్డి పరిచి, వరిగడ్డితో పేనిన వెంటిని చుట్టూ తిప్పుతూ, లోపల ధాన్యం పోస్తూ పురి కట్టారు. నలిగిన గడ్డి వెంటికి పనికిరాదు, చేత్తో కొట్టిన పొడుగు గడ్డి కావాలి. విత్తనాలూ ఆ చేతికొట్టుడు ధాన్యంలోంచే తీసి, ఎండిన వేపాకు కలిపి వేరుగా దాచేవాళ్లం.

6. కళ్లంలో రాశి ఒక్కడిది కాదు.
కొలత మొదలు కాగానే వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి మేర అక్కడే కొలిచేవారు. చేలో రాలిన పరిగె ఏరుకునేవాళ్లది. కంకుల కుచ్చులు చూరుకు కట్టేది పిచ్చుకల కోసం. పద్ధతులు మారి కూలి డబ్బులయ్యాయి. పంట చేతికి రాగానే పనిచేసినవాడికి ఇవ్వాలన్న నియమం మాత్రం మారకూడదు.

7. ఆకాశాన్ని నమ్మి ధాన్యం ఆరుబయట వదలకూడదు.
సార్వా కోతలు, బంగాళాఖాతం తుపాన్లు ఒకే నెలల్లో వస్తాయి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఎలా ఊడ్చేసిందో మా తరం మరచిపోదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను కూడా కోత వేళకే వచ్చింది. తుపాను కబురు వినగానే కోత ఆపండి. కోసిందాన్ని కుప్ప చేయండి. బరకాలు ముందే కొని పెట్టుకోండి.

8. మిషను వచ్చినా కళ్లం కావాలి.
మిషను కోసిన గింజ పచ్చిగా వస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. వెనక కుప్పలో ఆరిన గింజ ఇప్పుడు రోడ్డు మీద ఆరుతోంది. దాని మీద బండ్లు ఎక్కుతున్నాయి, రాత్రిపూట ప్రమాదాలు జరుగుతున్నాయి. గింజ విరిగితే మిల్లులో నూక పెరుగుతుంది. రైతుకు ఇది నష్టం, దారిన పోయేవాళ్లకు అపాయం.

ప్రతి ఊళ్లో మెరక మీద, కాలువ గట్టుకూ రోడ్డుకూ అందేలా ఒక ఉమ్మడి కళ్లం ఉండాలి. పక్కన బరకాలు దాచుకునేందుకు ఒక పాక ఉంటే చాలు. వచ్చే సార్వా నాట్లు పడేలోపు మీ కాలువ కింద రైతులంతా కూర్చుని చోటు తేల్చండి. పంచాయతీని అడగండి, వచ్చేదాకా వదలకండి.