మూడు ఫేజులు – సమాన భారం



పరీక్షల రోజుల్లో రాత్రిపూట హాస్టల్లో ఒక ఫేజు పోయిందనుకోండి. ఎవరో ఒకరు మెయిన్ బోర్డు దగ్గరికి పరుగెత్తి, ఫీజు తీసి కరెంటు ఉన్న ఫేజులో పెడతారు. లైట్లు వెలగగానే అందరం చప్పట్లు కొడతాం. మేము కూడా ఆ పని చేసినవాళ్లమే. అది ఎంత ప్రమాదమో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాకే మాకు తెలిసింది.

ముత్తంగి పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోనిది. పెద్ద ఫ్యాక్టరీలు 11 కె.వి., 33 కె.వి. లైన్ల నుండే కరెంటు తీసుకుంటాయి. కార్మికుల అద్దె గదులు, దుకాణాలు, హాస్టళ్లు మాత్రం వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆధారపడతాయి. అది 11,000 వోల్టులను 433 వోల్టులకు తగ్గిస్తుంది. చాలా ఇళ్లకు ఒక ఫేజు, న్యూట్రల్ మాత్రమే వస్తాయి. ఎక్కువ ఇళ్లు ఒకే ఫేజుపై పడితే దానిని అసమతుల్య భారం అంటారు.

ఒక లెక్క చూద్దాం. 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజులో 133 ఆంపియర్లు మోయగలదు. ఆర్ ఫేజులో 160, వై, బి ఫేజుల్లో 40 చొప్పున ఉన్నాయనుకుందాం. మొత్తం భారం 60 శాతమే. కానీ ఆర్ ఫేజు తన శక్తికి మించి 20 శాతం ఎక్కువ మోస్తోంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ చుట్టలో పూర్తి భారం నాటికన్నా 44 శాతం అధిక వేడి పుడుతుంది. నూనె, ఇన్సులేషన్ త్వరగా పాడవుతాయి. అదే భారాన్ని 80 చొప్పున సమానంగా పంచితే న్యూట్రల్‌లో కరెంటు దాదాపు సున్నా. పంచకపోతే న్యూట్రల్‌లో 120 ఆంపియర్లు పారతాయి, చుట్టల్లో రాగి నష్టం ఒకటిన్నర రెట్లవుతుంది.

ఇక న్యూట్రల్ జాయింటు వేడెక్కి తెగితే ఇంకా ప్రమాదం. ఒక ఫేజులో 1000 వాట్ల హీటరు, మరో ఫేజులో 100 వాట్ల బల్బు మాత్రమే ఉన్నాయనుకోండి. రెండూ 415 వోల్టుల మధ్య శ్రేణిలో పడతాయి. బల్బుకు సుమారు 377 వోల్టులు చేరి మాడిపోతుంది. తక్కువ వాడుకున్నవారికే ఎక్కువ నష్టం అన్నమాట.

త్రీ ఫేజు మోటార్లకూ ఇదే చిక్కు. వోల్టేజిలో 1 శాతం తేడా వస్తే కరెంటులో 6 నుండి 10 శాతం తేడా రావచ్చు. రైతు బోరు మోటారు కాలిపోవడానికి ఇదీ ఒక కారణం.

మరి పరిష్కారం? రాత్రి వాడకం ఎక్కువగా ఉన్న వేళ విద్యుత్ సిబ్బంది టాంగ్ టెస్టరుతో మూడు ఫేజులు, న్యూట్రల్ కరెంటు కొలవాలి. బరువు ఎక్కువున్న ఫేజు నుండి కొన్ని సర్వీసులను తక్కువున్న దానికి మార్చాలి. న్యూట్రల్ జాయింట్లు, ఎర్తింగు సరిచూడాలి. హాస్టల్లో కొత్త వైరింగు జరిగితే గదులను, వంటశాలను మూడు ఫేజులకు పంచమని వార్డెన్ గారి ద్వారా అడగాలి.

తమ్ముళ్లూ, ఫేజు పోతే ఫీజు ముట్టకండి. లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912 నంబరుకు ఫోన్ చేయండి. అందరం ఒకే ఫేజుకు మారితే మిగిలిన ఆ ఫేజు కూడా పోతుంది. ఒక్క గంట చీకటికి ఓర్చుకుంటే ప్రాణమూ, ట్రాన్స్‌ఫార్మరూ రెండూ నిలుస్తాయి.