టమాటాకు చీర, క్యాబేజీకి చలి

ప్ర: మిద్దె మీది టమాటా మొక్కలకు రాత్రిపూట పాలిథిన్ సంచులు తొడుగుతున్నాను. అయినా సంచికి ఆనిన ఆకులు ఉడికినట్టు నల్లబడ్డాయి. పూత రాలుతోంది. ఆకుల అడుగు ఊదారంగుకు తిరిగింది. భాస్వరం వేయమంటున్నారు, వేయనా?
– ఓ గృహిణి, ఆదిలాబాద్

జ: వద్దు. ఈ నెల ఉత్తరాల్లో సగం ఈ సంచుల గోలే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మనకు ఒంట్లో వేడి పుడుతుంది, దుప్పటి దాన్ని పోనివ్వదు. మొక్కకు పగలంతా ఎండకు మట్టి దాచుకున్న వేడే దిక్కు. మబ్బూ గాలీ లేని రాత్రి అది నేరుగా ఆకాశంలోకి పోతుంది. మబ్బు పట్టిన రాత్రి అంత వణుకు ఉండదని మీరూ గమనించే ఉంటారు. మనం కప్పేది ఆ మట్టి వేడిని పట్టి ఉంచాలి. మొక్క తలకు సంచి తొడిగి మెడ దగ్గర దారం బిగిస్తే పట్టుకునేదేముంది? పైగా సంచి లోపల పట్టిన చెమ్మ చల్లబడి ఆకుకు అంటుకుంటే ఆకు మాడుతుంది.

నాలుగు కర్రలు గుచ్చి, పాత నేత చీరో గోనెపట్టానో కుండీ అంచు దాటి నేల దాకా దించండి. ఆకుకు తగలకూడదు. ఎండ పొడ రాగానే తీసేయాలి. నేనొకసారి ప్లాస్టిక్ పట్టా కప్పి, పొద్దున్నే తీయడం మరిచి పెళ్ళికి వెళ్లాను. భోజనం చేసి వచ్చేసరికి వంకాయ నారంతా పప్పులో ఉడికిన తోటకూరలా పడి ఉంది.

కుండీలకు చలి అన్ని వైపుల నుంచీ తగులుతుంది. మధ్యాహ్నం ఎండ పడే గోడ పక్కకు అన్నిటినీ దగ్గరగా చేర్చండి. రాత్రి ఆ గోడను తాకి చూడండి, చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. నీళ్లు పొద్దున ఎండెక్కాక పోయండి. పొడి మట్టి కన్నా తడి మట్టి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. తడి అన్నాను, బురద అనలేదు.

ఇక ఆ ఊదారంగు. మీ మట్టిలో భాస్వరం ఉండే ఉంటుంది, చల్లటి మట్టిలోంచి వేరు దాన్ని లాగలేకపోతోంది. రాత్రి వేడి 13 డిగ్రీల కంటే తగ్గితే పుప్పొడి సరిగా పనిచేయదు, పూత నిలవదు. సంక్రాంతి దాటి రాత్రుళ్లు వెచ్చబడితే రెండూ సర్దుకుంటాయి. దసరా లోపే నారు నాటి ఉంటే చలి ముదిరేలోగా నాలుగు కాయలు తినేవారు. కాలం చూడకుండా నాటి, తర్వాత మందుల కొట్టు చుట్టూ తిరగడం మనకు బాగా అలవాటైంది.

ప్ర: క్యాబేజీకి ఏం కప్పాలి?
– హనుమకొండ

జ: ఏమీ కప్పకండి. దానికి కావలసిందే ఈ చలి.

ప్ర: డిసెంబరులో రెండుసార్లు బెండ విత్తాను. ఒక్కటీ మొలవలేదు. విత్తనాలు కల్తీవా?
– హైదరాబాద్

జ: కొట్టువాణ్ణి తిట్టకండి. మట్టి చల్లగా ఉంటే బెండ గింజ మొలవక కుళ్లిపోతుంది. ఫిబ్రవరిలో వేయండి.

ప్ర: మా పెరట్లో కుండీలో కరివేపాకు, మడిలో పాలకూర ఉన్నాయి. చలికాలం గట్టెక్కేదెలా?
– డాలస్

జ: పాలకూరకు పలచటి బట్ట చాలు, మామూలు మంచుకు తట్టుకుంటుంది. కరివేపాకు సంగతి వేరు. రాత్రి వేడి 10 డిగ్రీలకు, అంటే మీ లెక్కలో 50కి, దిగకముందే ఇంట్లోకి తెచ్చి ఎండ పడే కిటికీ దగ్గర పెట్టండి. ఆకు రాలుస్తుంది, కంగారుపడి ఎరువు వేయకండి. వేలు గుచ్చి చూసి, మట్టి ఆరితేనే నీళ్లు. 2021 ఫిబ్రవరిలో మీ ఊళ్లో సున్నా కింద 19 డిగ్రీలకు పడింది కదా, అలాంటి రాత్రి బయట ఏ చీరా కరివేపాకును కాపాడలేదు.

ఉత్తరాలు రాసేవారికి ఒక మనవి. ఎరువుల పేర్లు వరసగా రాస్తున్నారు, సంతోషం. కుండీకి రోజుకు ఎన్ని గంటల ఎండ తగులుతుందో కూడా రాయండి.