సెలవుల్లో ఒక పూట చెరువు గట్టు మీద

సంక్రాంతికి ఉదయగిరి, ఆత్మకూరు బస్టాండ్లలో దిగేవాళ్లు ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల్లో బతుకుతున్న మెట్ట ప్రాంతం పిల్లలే. మూడు నాలుగు రోజులుంటారు. అరిసెలు, చుట్టాలిళ్లు, సెల్‌ఫోన్, తిరుగు ప్రయాణం. అందులో ఒక్క పూటను మీ ఊరి చెరువుకో, కొండకో ఇవ్వండి. డబ్బు కట్టి దూరదేశం అడవుల్లో సేవ చేసి వచ్చే విహారయాత్రలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వీలైతే వెళ్లండి, తప్పులేదు. కానీ మీ భాష మాట్లాడేచోట, తాత పేరు చెబితే చాలు పక్కన కూర్చోబెట్టుకునేచోట మీరు చేయగలిగినంత మేలు అక్కడ చేయలేరు.

వచ్చీరాగానే పార పట్టుకోవద్దు. ముందు అడగండి.

అడగడం ఎంత పెద్ద పనో కలివికోడి కథ చెబుతుంది. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా చేసిన థామస్ జెర్డన్ తూర్పు కనుమల జీవజాలం గురించి యానాదులను అడిగి తెలుసుకునేవాడు. ఇంగ్లీషులో ఆయన పేరుతో పిలిచే కలివికోడి 1848లో శాస్త్రగ్రంథాలకెక్కింది. ముళ్లపొదల మధ్య రాత్రిళ్లు తిరిగే చిన్న పక్షి అది. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు, ఇక లేదనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ పెన్నా పరిసరాల పల్లెల్లో పక్షి బొమ్మ చూపించి జనాన్ని అడిగాడు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె వైపు ఒక స్థానిక వేటగాడు దాన్ని పట్టి తెచ్చాడు. ఎనభై ఏళ్లకు పైగా పండితులకు చిక్కనిది ఆ ఊరి మనిషి వల్లే దొరికింది. పెద్ద చదువు చదివి ఊరికి వచ్చినవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి మేకలు తోలుకుపోయే తాత దగ్గర ఆగండి. "ఏం తాతా, ఈ ఏడు బాతులు యాడ దిగతన్నాయి?" అనండి. కాలువకు నీళ్లు తిప్పే మనిషిని అడగండి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్లను ఏ చెట్టు ఇదివరకంత దొరకడం లేదో అడగండి. ఆ గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండమీద ఆ చెట్లు ఉంటేనే ఆ పనితనమూ ఉంటుంది. చెప్పినదంతా చిన్న నోటుబుక్కులో రాసుకోండి. చెప్పినవాళ్లకు మీరు ఏం రాశారో చదివి వినిపించండి. మీ మీద నమ్మకం అక్కడే మొదలవుతుంది.

అడగకుండా చేసే మంచి ఒక్కోసారి చెడు చేస్తుంది. వెలికొండల కింద ముళ్లకంప, రాళ్లు, మధ్యమధ్య బోసి నేల కనిపించగానే 'బీడు కదా, మొక్కలు నాటేద్దాం' అనిపిస్తుంది. విత్తన బంతులు విసరడం, ఫొటో దిగడం ఇప్పుడు వేడుకైపోయింది. ఆ బోసి నేలే కలివికోడికి ఇల్లు. కుందేలుకు, కౌజుపిట్టకు, ఎన్నో నేలపక్షులకు అదే ఆసరా. పొద మరీ ఒత్తుగా ఉన్నా కలివికోడి నిలవదు, అసలు లేకపోయినా నిలవదు. అక్కడ కొత్త చెట్లు కమ్మేస్తే దాని చోటు పోతుంది. నాటాలనే ఉంటే మీ వీధిలో, బడి ఆవరణలో వేప, కానుగ నాటండి. నాటి వెళ్లిపోకుండా, రెండు వేసవులు నీళ్లు పోసే మనిషిని కూడా మాట్లాడి వెళ్లండి.

ఇక అసలు పని. ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క ఏటా జనవరిలోనే జరుగుతుంది. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అనే ఈ లెక్క 1987లో మొదలైంది. చేసేది చాలావరకు మీలాంటి సామాన్యులే, జీతం లేకుండా. పండగ సెలవులకు ఇంతకన్నా అతికినట్టు కుదిరే పని ఇంకొకటి లేదు. పెన్నా మీద 78 టీఎంసీల సోమశిల జలాశయం ఉంది. దాని చుట్టుపక్కల అనంతసాగరం, ఆత్మకూరు మండలాల్లో చెరువులున్నాయి. ఒక చెరువు ఎంచుకోండి. తెల్లవారి ఆరున్నరకల్లా, ఎండ మీ వీపున పడేలా గట్టు మీద నిలబడండి. బైనాక్యులర్ ఉంటే మంచిదే, లేకపోయినా బుడుబుంగను, నీటికాకిని, గూడబాతును గుర్తుపట్టవచ్చు. పెద్ద గుంపు కనబడితే ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉందో కంటితో కొలిచి, అలాంటి మేరలు ఎన్నో చూడండి. ఫోన్‌లో ఈబర్డ్ యాప్ పెట్టుకుంటే చోటూ సమయమూ వాటంతటవే నమోదవుతాయి.

తెలియని పక్షి వస్తే 'గుర్తుపట్టలేదు' అనే రాయండి. ఊహించి పేరు పెట్టవద్దు. ఆఫీసుల్లో తెలియనిదాన్ని తెలిసినట్టు నెట్టుకొచ్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. గట్టు మీద రెండు గంటలు నిజాయితీగా లెక్క రాస్తే ఆ అలవాటు మీద మొదటి దెబ్బ పడుతుంది. పిల్లల్ని వెంట తీసుకెళ్తే మరీ మంచిది, వాళ్లు మనలా సిగ్గుపడకుండా తెలియదనేస్తారు.

ఓపిక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కలివికోడిని వెతికిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, వాటిమీద పాదముద్రలు పడ్డాయేమోనని చూసేవారు. ఎన్నోసార్లు ఏమీ ఉండేది కాదు. తర్వాత చాలా ఏళ్లు దాని జాడే లేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో పక్షులను గమనించే కొందరు దాని కూతను రికార్డు చేయగలిగారు. మీ చెరువు మీద ఈ ఏడు ఒక్క గూడబాతూ దిగకపోవచ్చు. సున్నా కూడా లెక్కే, రాయండి.

వేసవి సెలవులకు వస్తే పని వేరు. అప్పుడు అడవికి మంటల గండం. ఉదయగిరి దుర్గం ఎక్కినా, పెంచలకోనకు పోయినా పొయ్యి రాజేయకండి, బీడీ ముక్క పడేయనివ్వకండి. మీరు తీసుకెళ్లిన ప్లాస్టిక్ మీతోనే దిగాలి, వీలైతే ఇంకొకరిదీ. పెనుశిల నరసింహ అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవద్దు. దగ్గరలోని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లి, జంతువుల కోసం సాసర్ పిట్లలో నీళ్లు నింపడంలోనో, చెత్త తీయించడంలోనో మా చేతులు అక్కరకొస్తాయా అని అడగండి. ఎర్రచందనం దొంగల మీద నిఘా మాత్రం మీ పని కాదు. ఏదైనా కంటబడితే అధికారులకు చెప్పి పక్కకు తప్పుకోండి.

అన్నిటికన్నా కష్టమైనది మళ్లీ రావడం. ఒక ఏడాది లెక్కకు విలువ కొంచెమే. అదే చెరువు, అదే వారం, అదే గట్టు మీద అయిదేళ్లు నిలబడితే పక్షులు తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో చెప్పగలిగేది మీరే అవుతారు. పంచాయతీలో చెరువు పూడిక గురించి మాట్లాడినా, గట్టు మీద చిల్లకంప తీయించాలన్నా అప్పుడు మీ మాటకు బరువుంటుంది. అందుకే మొదటిసారే పది ఊళ్లు తిరగవద్దు, ఒక్కదానికే మాటివ్వండి.

డిసెంబరు చివర్లో ఇంటికి ఫోన్ చేసినప్పుడు పండగ సరుకులతో పాటు చెరువులో నీళ్లెంత ఉన్నాయో కూడా అడగండి. గట్టు దాకా మీతో నడిచి వచ్చే బాబాయో, మేనమామో ఎవరో ఒకరిని అప్పుడే ఒప్పించండి.